పాతబస్తీ రాత్రి పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసుకు టీకలు రాసిన కోలాచల మల్లినాథ సూరి మన మెదక్ దగ్గరి కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే ఒట్టేసుకుని గంటం పట్టాడు. మనకంత నిష్ఠ లేదు. పైగా మన ముందున్నది మేఘసందేశం కాదు. హైదరాబాదు వచ్చిన చుట్టాలు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, "చార్మినార్ దగ్గర ఏం తినాలి, ఎక్కడ తాగాలి, పొద్దెలా పుచ్చాలి?" అని అడుగుతారు. వాళ్లకు మెసేజిగా పంపడానికి కట్టిన ఆటవెలది ఇది. మూలకర్త, టీకాకర్త ఒక్కరే కనుక పొగడ్త విషయంలో మొహమాటం ఉండదు.

మూలం

రాత్రి పాతబస్తి రమ్మని పిలువగ
చాయి యొకటి తాగి చాలు ననక
హలిము తినుము పిదప నాకలి మిగిలిన
తెల్లవారు దాక తిరుగు మన్న

ప్రతిపదార్థం

రాత్రి = పంచాంగంలోని రాత్రి కాదు, పత్తర్‌గట్టి కమానుల కింద దీపాలు వెలిగి, నడవడానికి చోటు కరువైన వేళ; పాతబస్తి = చార్మినార్‌ను నడిబొడ్డున నిలిపి 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీకి దక్షిణాన వేసిన నగరము; రమ్మని పిలువగ = కబాబుల పొగ, అత్తరు వాసన, లాడ్ బజారులో గాజులమ్మే కుర్రవాడు ముగ్గురూ ఒక్కసారే కేకవేయగా; చాయి యొకటి తాగి = ఇరానీ చాయ్ ఒక కప్పు పుచ్చుకొని; చాలున్ అనక = ఇక ఇంటికి పోదామనక; హలిము తినుము = హలీం భుజింపుము; పిదపన్ = అటుపైన; ఆకలి మిగిలిన = ఆకలి ఇంకా ఉన్నచో (ఉండదు); తెల్లవారు దాక = పాలప్యాకెట్ల ఆటోలు తిరిగేంతవరకు; తిరుగుము = సంచరింపుము; అన్న = ఓ అన్నా!

తాత్పర్యం

ముందు చాయ్, తరువాత హలీం, ఆపైన నడక. ఈ వరస తప్పితే రాత్రి చెడుతుంది.

విశేషాంశాలు

చాయి. ఇరానీ చాయ్‌లో పాలూ డికాక్షనూ కప్పులోకి వచ్చేదాకా ఒకరి మొహం ఒకరు చూడవు. టీపొడి మూత బిగించిన పాత్రలో సన్నని సెగ మీద గంటల తరబడి మగ్గుతుంది. పాలు వేరే పొయ్యి మీద చిక్కబడే వరకూ కాగుతాయి. మనం ఇంట్లో చేసినట్టు నీళ్లూ పాలూ పొడీ ఒకే గిన్నెలో వేసి పొంగిస్తే వచ్చేది టీయే గానీ ఇరానీ కాదు. మక్కా మసీదు పక్కన, చార్మినార్‌కు ఎదురుగా ఉన్న నిమ్రాలో ఈ చాయ్‌ని నిలబడి తాగుతారు. కుర్చీ కోసం వెతికేవాడు అక్కడ కొత్తవాడని అందరికీ తెలిసిపోతుంది.

"యొకటి" అని ఏకవచనం వేశాడు గదా, ఇద్దరు వెళితే ఏమిటి గతి? దీనికి హైదరాబాదు వ్యాకరణంలో ఎప్పుడో సూత్రం ఉంది: వన్ బై టూ. ఒక చాయ్, రెండు కప్పులు. బిల్లు ఎవరిస్తారన్న తగాదా మాత్రం సూత్రానికి లోబడదు.

చాయ్ అనగానే ఉస్మానియా బిస్కెట్ అనుషంగంగా వచ్చి చేరుతుంది, పద్యంలో పేరు లేకపోయినా. దాని పేరు మీద రెండు సంప్రదాయాలున్నాయి. ఉస్మానియా ఆసుపత్రిలోని రోగులకు పెట్టడానికి చేశారని ఒకటి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఇష్టమైన బిస్కెట్ కనుక ఆయన పేరు పెట్టారని మరొకటి. ఇందులో ఒకదాన్ని నిలబెట్టడానికి పండితులు రెండో చాయ్ చెబుతారు, రెండోదాన్ని నిలబెట్టడానికి మూడోది చెబుతారు. మా నిర్ణయం ఏమంటే, రోగికైనా రాజుకైనా ఉప్పూ తీపీ కలిసిన ఆ రుచి ఒక్కటే. మునకలో మాత్రం ఏమరుపాటు పనికిరాదు. మాటల్లో పడి బిస్కెట్‌ను చాయ్‌లోనే ఉంచేశారా, అది కప్పు అడుగుకు దిగుతుంది, తరువాత చెంచాతో తవ్వుకోవాలి.

హలిము. దీర్ఘం ఉండాల్సినచోట హ్రస్వం వేయడం ఛందస్సు బలవంతం. వంటలో అలాంటి సంకోచాలు ఒప్పరు. గోధుమ, మాంసం, పప్పులు, నెయ్యి, మసాలాలు ఇటుకా మట్టీ కలిపి కట్టిన బట్టీ మీది దేగ్‌లో పది పన్నెండు గంటలు ఉడుకుతాయి. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి పొడుగాటి కర్ర రోకళ్లతో దంచుతూనే ఉంటారు. చివరికి ఏది గోధుమో ఏది మాంసమో వండినవాడే చెప్పలేని స్థితి వస్తుంది. అదే సిద్ధి. పైన వేయించిన ఉల్లి, కొత్తిమీర, నిమ్మచెక్క.

నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బు సిపాయిలు తమ వెంట తెచ్చుకున్న హరీస్ దీని పూర్వరూపం. వాళ్ల బ్యారక్సే నేటి బార్కస్ పేట. అరబ్బుల హరీస్ నెమ్మదైన వంట, ఉప్పు తప్ప పెద్దగా సందడి ఉండదు. ఇక్కడి నీళ్లు తాగాక దానికి మిరియం, అల్లం, వెల్లుల్లి, పట్టుదల వచ్చాయి. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. శాలిబండలో పిస్తా హౌస్ ముందు, షా గౌస్ ముందు రంజాన్ సాయంత్రాల్లో నిలబడిన జనాన్ని చూస్తే ఆ కాగితం అవసరం ఎవరికొచ్చిందా అనిపిస్తుంది.

కుతుబ్ షాహీల కాలంలోనే పొన్నగంటి తెలగన అచ్చ తెలుగులో యయాతి చరిత్ర రాసి పటాన్‌చెరు అమీన్ ఖాన్‌కు అంకితమిచ్చాడు. మన కవి కూడా ఆ నియమమే పెట్టుకుని ఉంటే చాయి పోయేది, హలిము పోయేది, పద్యంలో ఆకలి ఒక్కటే మిగిలేది.

శంక: హైదరాబాదు మీద పద్యం రాసి బిర్యానీ మాట ఎత్తకపోవడం దోషం కాదా?

సమాధానం: నాయనా, ఈ పద్యానికి ప్రాణం అక్కడే ఉంది. పచ్చి మాంసాన్ని మసాలాల్లో నానబెట్టి, పైన సగం ఉడికిన బియ్యం పరిచి, మూత చుట్టూ పిండి మెత్తి దమ్ పెట్టే కచ్చీ బిర్యానీ గొప్పదే, కాదన్నవాడు పాపాత్ముడు. కానీ అది భరతవాక్యం, నాందీ శ్లోకం కాదు. బయటి ఊరివాళ్లు ఆటో దిగీ దిగగానే మదీనా చౌరస్తా దగ్గర షాదాబ్‌లో దూరి, ఒక్కొక్కరు ఒక్కో ప్లేటు చెప్పుకుని, మిర్చీ కా సాలన్‌తో సహా ఊడ్చేసి, పైన ఖుబానీ కా మీఠా కూడా లాగించి బయటకొస్తారు. బయటకొచ్చాక వాళ్లకు చార్మినార్ కనబడదు, క్యాబ్ కనబడుతుంది. పాతబస్తీ పెళ్లివాళ్లకు ఈ మర్మం తెలుసు. అందుకే వడ్డన అర్ధరాత్రికి దగ్గరగా మొదలుపెడతారు. తిన్నాక అతిథికి ఇల్లు తప్ప వేరే గమ్యం ఉండదు. బిర్యానీని రేపటి మధ్యాహ్నానికి వాయిదా వేసినవాడే ఈ పద్యానికి అధికారి.

శంక: "తాగి" అన్న క్రియకు కర్మ చాయ్ ఒక్కటేనా, వేరే ఏమైనా ఊహించవచ్చా?

సమాధానం: ఊహించకూడదు. చార్మినార్ చుట్టుపక్కల హోటళ్లలో మద్యం పోయరు. ఆ రకం కర్మ కావలసినవాళ్లు మూసీ దాటి జూబ్లీహిల్స్‌కో గచ్చిబౌలికో వెళ్లాలి. అది వేరే కావ్యం, టీకాకర్తలూ వేరు. అక్కడ పాట మోతకు పక్కవాడి మాట వినబడదు. పాతబస్తీ రాత్రి మాటల మీదే నడుస్తుంది: బేరం, తగువు, సలాం, "జరా జరుగు భాయ్". మత్తు లేకుండా రాత్రంతా మేల్కొనడానికి ఇంత సరంజామా ఉన్న పేట తెలుగునేల మీద మరొకటి ఉందంటే మేం నమ్మం.

తెల్లవారు దాక. ఇక్కడ కవి సగం అబద్ధమాడాడు. ఈ మాట రంజాన్ నెలకు అక్షరాలా చెల్లుతుంది. అప్పుడు మదీనా నుంచి చార్మినార్ దాకా బట్టలు, చెప్పులు, ఖర్జూరాలు, గాజులు పరిచిన బండ్ల మధ్య సహరీ వేళ వరకూ జనం తెగరు. మిగతా నెలల్లో అర్ధరాత్రి అటూ ఇటూగా షట్టర్లు దిగుతాయి. చార్మినార్‌కు నాలుగు వైపులా 1889లో పెట్టిన గడియారాలు ఉన్నాయి. రంజాన్‌లో వాటిని ఎవరూ చూడరు, మిగతా నెలల్లో హోటలు మేనేజరు చూస్తాడు.

మరి ఆ నెలల్లో తెల్లవారే దాకా ఎక్కడ తిరగాలి? ఉత్తరంగా. నయాపూల్ మీదుగా మూసీ దాటి, 1935లో రాతితో కట్టిన మొజంజాహీ మార్కెట్‌కు చేరితే ఐస్‌క్రీం దుకాణాలు ఉంటాయి. కాలం కలిసొస్తే సీతాఫలం ఐస్‌క్రీం దొరుకుతుంది. అక్కడే తెల్లవారుజామున మూడింటికి రామ్ కీ బండి దగ్గర పెనం వేడెక్కుతుంది. వెన్న దండిగా వేసిన దోసె, తవా ఇడ్లీ. సాఫ్ట్‌వేర్ నైట్‌షిఫ్టు వాళ్లు, పబ్బులు మూసేశాక ఆకలేసినవాళ్లు, తెల్లవారి రైలు పట్టుకోవాల్సినవాళ్లు ఒకే పెనం చుట్టూ చేరతారు. ఇంకా ఓపిక ఉంటే వెనక్కి మళ్లి పాతబస్తీలోనే పొద్దుటి నిహారీ, పాయా. వాటికి జోడీ చార్ కోనీ నాన్. పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ 1851 నాటిది. నిహారీ మీద తేలే నెయ్యిని చూసి భయపడేవాడు వెళ్లకూడదు, వెళ్తే భయపడకూడదు.

అలంకారం. అతిశయోక్తి అని కొందరంటారు. ఒక్కసారి శుక్రవారం రాత్రి గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి చూడండి, స్వభావోక్తి అని మీరే ఒప్పుకుంటారు.

పాఠాంతరం. "తెల్లవారు దాక పార్కు సేయ" అని ఒక పాఠం వాడుకలో ఉంది. కారులో వెళ్లినవాళ్లు రాసుకున్నది. యతి చెడింది, కానీ అర్థం నిజం. కనుక కారు ఇంట్లో పెట్టి, ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో దిగి, నడవండి. ఫోన్‌లో ఫొటో తీసుకోవడానికే వచ్చినవాళ్లు నాలుగు మినార్లూ ఒకే చట్రంలో ఇరికించి పది నిమిషాల్లో వెళ్లిపోవచ్చు. వాళ్లకు ఈ టీక అక్కర్లేదు.

హలీం కొన్ని హోటళ్లలో ఏడాది పొడుగునా దొరికినా, పద్యం పూర్తిగా పండేది రంజాన్‌లోనే. ఆ నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఆ లెక్కన 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి, ఒకే ఏడాదిలో రెండు మార్లు మొదలవుతుంది.