మీరు రాసినవి మీకే అమ్మబడును

లోకంలో ఎన్ని వ్యాపారాలున్నా సైన్సు పత్రికల వ్యాపారం ముందు అన్నీ దిగదుడుపే. సరుకు ప్రొఫెసర్లు ఊరికే రాసిస్తారు. అందులో తప్పొప్పులు వేరే ఊరి ప్రొఫెసర్లు ఊరికే చూసిపెడతారు. వాళ్ల జీతాలు చాలావరకు సర్కారువే. ప్రచురణకర్త కాపీరైటు రాయించుకుని, రాసిన మహానుభావుడి యూనివర్సిటీ లైబ్రరీకే బిల్లు పంపుతాడు. ఎల్సెవియర్ అనే పెద్ద ప్రచురణ సంస్థకు వచ్చిన ఆదాయంలో మూడో వంతుకు పైగా లాభమేనట. మిగలదూ మరి!

ఈ బిల్లు చూసి 2012లో హార్వర్డ్ అంతటిదే గగ్గోలు పెట్టింది. ఏటా 37.5 లక్షల డాలర్లు ఇక మావల్ల కాదంది. హార్వర్డ్‌ పరిస్థితే అదైతే మన రాష్ట్ర విశ్వవిద్యాలయం ఏం చేస్తుంది? లైబ్రరీ కమిటీ వేస్తుంది. సమోసాలయ్యాక కెమిస్ట్రీ వాళ్లు ఫిజిక్స్ పత్రికలు దండగంటారు, ఫిజిక్స్ వాళ్లు కెమిస్ట్రీవి దండగంటారు. తెలుగు శాఖాధిపతిని ఎవరూ అడగరు కనుక ఆయన రెండో సమోసా అందుకుంటారు. ‘వచ్చే సమావేశంలో పరిశీలించవలెను’ అని తీర్మానం. 2025 దాకానైతే ఆ పాటికి పరిశోధక విద్యార్థి సై-హబ్ అనే దొంగ సైటులో వ్యాసం ఊరికే దించుకుని చదివేసి ఉండేవాడు. ఆ సై-హబ్ మీదా ప్రచురణకర్తలు 2020లోనే ఢిల్లీ హైకోర్టుకెక్కారు లెండి.

కమిటీల బాధ చూడలేక కేంద్రం 2024 నవంబరులో ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ తెచ్చింది. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13 వేల పత్రికలు, 6,000 కోట్ల రూపాయలు. సర్కారీ కాలేజీ పిల్లవాడికి ఇది నిజంగా మేలే, కాదనను. ప్రైవేటు కాలేజీ వాడు మాత్రం తొలి విడతలో గుమ్మం బయటే. పైగా ఇది 2025, 2026, 2027 ముచ్చట. ఆపైన మళ్లీ బేరం. వెనకటికి బైండు వాల్యూములు కొంటే చందా ఆగినా బీరువాలో ఉండేవి. చెదపురుగులు కూడా తీరిగ్గా చదువుకునేవి.

అందరూ ఉచితంగా చదవాలంటే ప్రచురణకర్తలు అదీ ఏర్పాటు చేశారు. రాసినవాడే డబ్బు కట్టాలి! నేచర్ పత్రిక 2021లో అందుకు పెట్టిన ధర 9,500 యూరోలు.

‘అయితే వాళ్లకు రాయడం మానేద్దాం’ అని ఏ అమాయకుడైనా కమిటీలో అన్నాడనుకోండి. బలపరిచేవారు ఉండరు. అది మినిట్స్‌లోకీ ఎక్కదు. టైపు చేయించాల్సిన కన్వీనరు గారికి ప్రొఫెసరు ప్రమోషన్ ఇంటర్వ్యూ వచ్చే నెల్లోనే, ఫైల్లో ఇంకా రెండు పేపర్లు తక్కువ!