ఐదు కిలోల తలకట్టు

నాలుగు కిలోలు పాతబడ్డాయి. ఇప్పుడు ఐదు కిలోలుంటేనే మిషన్. భోజనాల బల్ల చివర పెట్టుకుని స్టిక్కర్లు కోసుకునే పెట్టెకు అంత బలం ఎందుకండీ అని అడిగామా, మనకు క్రాఫ్టు తెలియదన్నమాట. 2017లో క్రికట్ మేకర్ అనే కోత మిషన్ నాలుగు కిలోల బలంతో దిగింది. పాత మోడల్ కంటే పది రెట్లట. రెండేళ్లు తిరిగేసరికి సిల్హౌట్ కామియో 4 వచ్చి ఐదు అంది. ఈ లెక్కన మన మనవరాళ్లు పుట్టినరోజు కార్డు కోసుకోవడానికి రోడ్డు రోలరు కొనుక్కోవాలి.

శ్రావణమాసం వస్తోందంటే చాలు, అమెరికాలో మన ఆడవాళ్ల గ్రూపులన్నిట్లో ఇదే గోల. "అక్కా, గ్లిటర్ వినైల్‌కి ప్రెషర్ ఎంత పెట్టారు?" "ఇంకో రెండు పాయింట్లు పెంచు." "పెంచా, అయినా తెగట్లేదు." "అయితే నీ మిషన్ పాతదమ్మా, మార్చెయ్." ఈ ఆఖరి సలహా అమ్మేవాడు కూడా ఇంత ధైర్యంగా ఇవ్వడు. క్రికట్ వాళ్ల సాఫ్ట్‌వేర్ డిజైన్ స్పేస్‌లో కోతకు ముందు ప్రెషర్‌కి కనబడేవి మూడే మాటలు: డిఫాల్ట్, మోర్, లెస్. 'లెస్' నొక్కిన తెలుగు మనిషిని నేనింతవరకూ చూడలేదు.

ఇంతకీ కోసేదేమిటి? డబ్బాల మీద, గాజు సీసాల మీద పేర్లకు చాలామంది వాడే ఒరాకల్ 651 అనే జిగురు వినైల్ మందం 63 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో పదహారో వంతు. దీని మీదికి ఐదు కిలోలు!

పోనీ ఆ ఐదు కిలోలైనా దాని మీద పడుతున్నాయా అంటే, అదీ లేదు. కామియో 4లో పనిముట్లకు రెండు చోట్లున్నాయి. ఐదు కిలోల బలం రెండో దానిది. మనం రోజూ వాడే మామూలు బ్లేడు కూర్చునేది మొదటి దాంట్లో. దాని బలం 210 గ్రాములు. ఐదు కిలోలని మురిసిపోయి కొన్నావిడ వ్రతం రిటర్న్ గిఫ్టుల మీద 'శుభాకాంక్షలు' కోసుకునేది ఆ పావుకిలో కూడా లేని బలంతోనే. ఐదు కిలోలు పక్కనే నిలబడి చోద్యం చూస్తుంటాయి. ఇందులో మోసమేమీ లేదు, వివరాల పట్టికలో అన్నీ రాసే ఉంటాయి. పట్టిక ఎవరు చదువుతారు? ప్రకటనలో పెద్దక్షరాల్లో ఉన్నది ఐదు.

అసలు సంగతేమిటంటే వినైల్‌కి ఆ 210 గ్రాములు బ్రహ్మాండంగా చాలు. బలం వేరు, ఒత్తిడి వేరు అని ఎనిమిదో తరగతిలోనే చెప్పారు. బలాన్ని అది పడే వైశాల్యంతో భాగించాలి. బ్లేడు మొన సూదిగా ఉన్నన్నాళ్లు గ్రాములు చాలు. మొన అరిగి గుండ్రబడ్డాక కిలోలు కుమ్మరించినా అంతే. మొద్దుబారిన కత్తిపీట మీద టమాటాను ఎంత గట్టిగా నొక్కితే అంత గుజ్జవుతుంది. ఇది మనలో ఏ ఇంట్లోనైనా అమ్మమ్మకు తెలుసు. ఆ అమ్మమ్మ మనవరాలే మాస్టర్స్ చేసి, ఇక్కడ కూర్చుని ప్రెషర్ పెంచుతోంది.

తెలుగు అక్షరాల దగ్గర ఈ వెర్రి మరీ ముదురుతుంది. ఈ బ్లేడు పెన్నులా నిటారుగా గీయదు. దాని మొన ఇరుసుకు కాస్త పక్కగా, వెనక ఈడ్చుకుంటూ వస్తుంది. వంపు వచ్చినప్పుడల్లా తిరగాలి. ఇంగ్లీషులో ఎల్, టి, ఇ లాంటి గీతలక్షరాలకు దానికి పెద్ద శ్రమ లేదు. మనకో, మొత్తం వంపులే. 'గృహప్రవేశం'లో గీతలా నిలబడ్డ అక్షరం ఒక్కటి చూపించండి! ఆ చిన్న చిన్న సున్నాల చుట్టూ బ్లేడు తిరగాలంటే వేగం తగ్గించాలి, మొన కొత్తదై ఉండాలి. బలం పెంచితే అది వినైల్‌ని కోయడం మాని లాక్కుపోతుంది. దాని తర్వాత తలకట్టు సంగతి. 'హ' మీదా 'ప' మీదా తలకట్టు అక్షరానికి అంటుకోకుండా విడిగా ఉంటుంది కదా. అక్కర్లేని వినైల్‌ని కొక్కెంతో పీకేటప్పుడు మొట్టమొదట లేచిపోయేది అదే. ఎక్కువ బలానికి కింది కాగితం కూడా తెగి ఉంటే, కాగితంతో సహా లేస్తుంది. తలకట్లు పోయిన గృహప్రవేశం బోర్డు ముందు నిలబడి ఫొటోలు దిగిన కుటుంబాలు నాకు తెలుసు.

ఒత్తిడి పెంచడానికి, వినైల్ అంటించే జిగురు మ్యాట్ కింద అట్టముక్క పెట్టడమనే చిట్కా గురించి నేను మాట్లాడను. ఇంకో చిట్కా: అల్యూమినియం ఫాయిల్ ఉండలో గుచ్చితే బ్లేడుకి పదునొస్తుందట. అంటుకున్న చెత్త వదులుతుంది, అంతే.

నాకు ఒళ్లు మండేది ఇక్కడ. తెగకపోవడానికి కారణం నూటికి తొంభైసార్లు అరిగిన బ్లేడో, జిగురు పోయిన మ్యాటో, హోల్డర్‌లో ఇరుక్కున్న వినైల్ నలుసో. ఈ మూడూ అమ్మేవాళ్లకు మనకంటే బాగా తెలుసు. అయినా ప్రకటనల్లో కిలోలే తప్ప, ఈ బ్లేడు ఎన్ని మీటర్లు కోశాక మార్చాలో పెద్దక్షరాల్లో రాసిన పెట్టె నాకు కనబడలేదు. బలం పెంచితే మ్యాట్ గాట్లు పడుతుంది, కొత్త మ్యాట్ కొనాలి. మ్యాట్ పోతే కాగితం జరుగుతుంది, జరిగితే తెగదు, తెగకపోతే మళ్లీ బలం పెంచాలి. ఆఖరికి మిషనే మార్చాలి. ఇదంతా మన చేతకానితనమని మనమే ఒప్పుకునేలా చేశారు చూడండి, అది దుర్మార్గం.

కొన్నది మనదైనా అవుతుందా? 2021 మార్చిలో క్రికట్ ఒక ప్రకటన చేసింది: చందా కట్టనివాళ్లు డిజైన్ స్పేస్‌లోకి నెలకు ఇరవై సొంత బొమ్మలే ఎక్కించుకోవాలి. తెలుగు పేరు కోయాలంటే దాన్ని బొమ్మగా చేసి ఎక్కించుకునేవాళ్లే మనలో ఎక్కువ. అంటే డబ్బు పెట్టి కొన్న యంత్రంలో, మన బ్లేడుతో, మన వినైల్ మీద, మన పిల్ల పేరు కోసుకోవడానికి ఇరవై దాటితే కప్పం కట్టాలి! జనం విరుచుకుపడ్డారు, కంపెనీ అదే నెలలో వెనక్కి తగ్గింది. షేర్ మార్కెట్‌లోకి దిగింది కూడా ఆ నెలలోనే. మన గ్రూపుల్లో గ్లిటర్ వినైల్ మీద జరిగిన చర్చలో పదో వంతైనా దీని మీద జరగలేదు.

మొన్న ఒకావిడ నన్ను అడిగింది, మ్యాట్ కింద పెట్టే అట్ట ఎంత మందం ఉండాలని. అట్ట వద్దమ్మా, బ్లేడు ఎప్పుడు మార్చావు అన్నాను. "బ్లేడు మార్చాలా? మిషన్‌తో పాటు వచ్చిందే ఉంది ఆంటీ" అంది. మార్చి చూడు, తెగుతుంది అన్నాను. కాసేపటికి మెసేజ్ పెట్టింది: కొత్త మోడల్ కార్ట్‌లో పెట్టేశానండీ, ఎలాగూ బ్లేడు దాంతోనే వస్తుందిగా.