మూడా? అయిదా?

కొల్లేరు సరస్సు ఎక్కడిదాకా? సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు కాంటూరు దాకా అని 1999లో సర్కారు గీత గీసి, లోపలిదంతా అభయారణ్యం అంది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలగా రామ్‌సర్ హోదా కూడా వచ్చింది. చేపల చెరువులు మాత్రం గీత లోపలే హాయిగా పెరిగాయి. 2006లో పొక్లెయిన్లు దిగి గట్లు తెంచాయి. రెండేళ్లకే, 2008లో, మూడడుగుల కాంటూరు దాకా చాల్లెమ్మని శాసనసభ తీర్మానం! ఓట్లొస్తే గీత కిందికి జారుతుంది. వానలొస్తే బుడమేరు, తమ్మిలేరు వాగులు దాన్ని మళ్లీ పైకి నెడతాయి. వాటికి తీర్మానం ప్రతి అందినట్టు లేదు.

ఇక కొల్లేటి పక్షుల కేంద్రం ఆటపాక. గూడబాతులకు చెట్లు చాలక అటవీశాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. పాపం, పక్షులు సర్దుకున్నాయి. అద్దె అడగనంత కాలం ఇనుమైనా ఇల్లే. మనం పడవెక్కి, ఆ ఇనుముమీది పిల్లల్ని జూమ్ చేసి, ‘ఆహా, ఎంత సహజమైన ప్రకృతి’ అని స్టేటస్ పెడతాం. దిగాక ఆకలి. చేపల పులుసు ఘుమఘుమలాడుతుంది. చేప ఏ కాంటూరుదని హోటలాయన్ను అడక్కండి. పులుసు చల్లారిపోతుంది.