బాబాయ్‌కి, మాత్రల విషయమై

లెస్టర్, ఇంగ్లాండు.

బాబాయ్,

ఇక్కడ అందరం క్షేమం, నా ఒళ్ళొక్కటి తప్ప. ఫోను చేతిలో ఉండగా ఉత్తరమేమిటీ అనుకుంటున్నారు కదా. మీతో ఫోన్లో మాట్లాడటమంటే మీరు మాట్లాడటం, నేను ఊఁ కొట్టడం. ఉత్తరానికైతే మీరు మధ్యలో అడ్డం రాలేరు. అందుకని ఈ ఏర్పాటు.

మొన్న వీడియో కాల్లో నా మాత్రల పెట్టె అమ్మకు చూపించాను. అమ్మ దాన్ని ఫోటో తీసి మీకు పంపింది. మీరు కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, "ఇది మూర్ఛకిచ్చే మందు వదినా, పైగా అలవాటైపోతుంది" అని తీర్పు చెప్పారు. రావులపాలెంలో మీ మందుల షాపు బస్సులు ఆగేచోట ఉండటం నా ప్రారబ్ధం. ఆ కబురు కొత్తపేటలో దిగేసరికి నాకు మూర్ఛ. అమలాపురంలో నేను మత్తుమందులకి బానిసని. కాకినాడ చేరేసరికి మా ఆయన నన్ను ఎక్కడో మాన్పించే ఆశ్రమంలో చేర్పించేశారు. ఆ సంగతి పెద్దత్త ఫోన్ చేసి ఏడుస్తూ చెబుతుంటే, మా ఆయన పక్కనే కూర్చుని పెసరట్టు తింటూ, "ఆశ్రమం ఫీజెంతట?" అని అడిగారు.

కాబట్టి మొదటినుంచీ చెబుతాను, నెమ్మదిగా వినండి.

నా జబ్బు పేరు ఫైబ్రోమయాల్జియా. రక్తం తీశారు, థైరాయిడ్ చూశారు, కీళ్ళవాతం పరీక్షలు చేశారు. అన్నీ నార్మల్. రిపోర్టు నార్మల్ అంటే మనవాళ్ళ లెక్కలో మనిషి దొంగ అని అర్థం. నిజానికి ఇది కొత్తగా పుట్టిన వేషమేం కాదు. 1904లోనే ఇక్కడి లండన్‌లో విలియం గవర్స్ అనే డాక్టరు ఫైబ్రోసైటిస్ అని పేరు పెట్టాడు, కండల్లో వాపు ఉందనుకుని. వాపు లేదని ఆనక తేలింది. పేరు మార్చారు, నొప్పి అలాగే ఉంచారు. 1990లో అమెరికా డాక్టర్లు ఒంటి మీద 18 చోట్లు గుర్తుపెట్టి, వేలితో నొక్కితే 11 చోట్ల నొప్పి పుడితే ఇదే జబ్బన్నారు. పాసు మార్కులన్నమాట. 2010లో ఆ నొక్కుడు అక్కర్లేదన్నారు గానీ నన్ను చూసిన పెద్ద డాక్టరు పాతకాలం మనిషి. అన్నీ నొక్కి చూశాడు. జీవితంలో నాకు డిస్టింక్షన్ వచ్చింది ఆ ఒక్క పరీక్షలోనే.

ఒంట్లో ఎక్కడా దెబ్బ లేదు బాబాయ్. కబురు మోసే నరాల దగ్గర, కబురు వినే మెదడు దగ్గర వచ్చింది తేడా. ధనుర్మాసంలో మన గుడి మైకు ఉంటుంది చూడండి, పూజారిగారు గొణిగినా గోదావరి అవతలి ఒడ్డున పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. నా ఒంట్లో ఆ మీట పైకి తిరిగి ఇరుక్కుపోయింది. దుప్పటి మడత ఒత్తుకున్నా దెబ్బ తగిలినట్టే. లేడీ గాగా అని పెద్ద పాటగత్తె ఉంది, ఆవిడకీ ఇదే. 2017లో యూరప్ కచేరీలన్నీ వాయిదా వేసుకుంది. ఈ మాట అమ్మకి ధైర్యం కోసం చెబితే, "ఆవిడకేం, వంటమనిషి ఉంటుంది" అంది.

ఇక్కడ డాక్టరు పది నిమిషాలిస్తాడు. అందులో మొదటి ప్రశ్న, సున్నా నుంచి పది దాకా మీ నొప్పికి ఎన్ని మార్కులు? మార్కులడిగితే ఎక్కువ చెప్పుకోవాలనే ఇంట్లో పెరిగినదాన్ని. ఎనిమిదంటే నమ్మడేమో, అయిదంటే ఇంటికి పంపేస్తాడేమో. ఆరున్నర అన్నాను. అరమార్కులు లేవన్నాడు. ఈ దేశస్థులు కాలు విరిగినా "ఫర్వాలేదులెండి" అంటారు. అలాంటివాళ్ళ వెనక వరసలో కూర్చుని, ఆపాదమస్తకం వర్ణించే మన గోదావరి జిల్లా రోగి ఎంత చిన్నబుచ్చుకోవాలో మీరే ఊహించుకోండి.

మొదట రాత్రి పూట పది మిల్లీగ్రాముల ఎమిట్రిప్టిలిన్ ఇచ్చారు. నోరు ఎండిపోయి, మర్నాడు మధ్యాహ్నం దాకా ఇడ్లీపిండిలా పులిసి పడుకునేదాన్ని. అది పడలేదని 2018లో ఈ ప్రెగాబలిన్ మొదలుపెట్టారు. మీరు చెప్పింది నిజమే, మూర్ఛకీ ఇస్తారు. నరాల అతి ఉత్సాహాన్ని కాస్త తగ్గిస్తుంది కాబట్టి అక్కడా ఇక్కడా పనికొస్తుంది. నొప్పి పోయిందా అంటే పోలేదు. ఏడు కాస్తా నాలుగైంది. ఏడుకీ నాలుక్కీ తేడా ఏమిటంటే, ఏడులో పిల్లాడికి జడ... అదే, మా అమ్మాయికి జడ వెయ్యలేను, నాలుగులో వెయ్యగలను. (చూశారా, మాట తడబడింది. దీన్ని ఇక్కడ ఫైబ్రో ఫాగ్ అంటారు. జబ్బుదో మందుదో తేల్చుకోలేక ఇద్దరికీ సగం సగం పంచాను. సాంబారులో ఉప్పు రెండుసార్లు పడితే మా ఆయన ఇద్దర్నీ కలిపే తిడతారు.) మందు పుణ్యమా అని ఒళ్ళు కూడా చేశాను. వీడియోలో చూసి పిన్ని మురిసిపోయింది, "ఇప్పటికి కోలుకున్నావమ్మా, బుగ్గలొచ్చాయి" అని. ఆ బుగ్గలు మందు చీటీలో దుష్ఫలితాల కింద అచ్చేసి ఉన్నాయని చెప్పడానికి నోరు రాలేదు.

ఇంతలో 2019 ఏప్రిల్ 1న ఈ దేశ ప్రభుత్వం ప్రెగాబలిన్‌ను నియంత్రిత మందుల్లో చేర్చింది. తారీఖు చూసి ఏప్రిల్ ఫూల్ అనుకున్నాను. కాదు. అప్పట్నుంచీ నెలకి సరిపడానే ఇస్తారు, మందుల షాపులో చీటీ వెనక సంతకం పెట్టి తీసుకోవాలి. కౌంటర్ వెనకమ్మాయి నా పేరు, చిరునామా గట్టిగా అడుగుతుంటే, వెనక వరసలో మా వీధి గుజరాతీ ఆవిడ చెవులు రిక్కించి నిలబడి ఉంటుంది. బెల్‌గ్రేవ్ రోడ్డులో కరివేపాకు కొనడానికి వెళ్ళేసరికి కొట్టతనికి నా డోసు తెలిసిపోతుంది. రావులపాలెం ఎక్కడికీ పోదు బాబాయ్, మన వెంటే వస్తుంది.

ఇక్కడ ఒక్క ప్రశ్న, కోపం తెచ్చుకోకండి. ఇదే ప్రెగాబలిన్‌ని బీ12 మాత్రతో కలిపి మీ షాపులో సుగర్ ఉన్నవాళ్ళ అరికాలి మంటలకి పొద్దుణ్ణించీ అమ్ముతున్నది ఎవరు? అట్ట మీద ఎర్రగీత ఉంటుంది. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని దానర్థం. మీ షాపులో అది అలంకారం. మీ చేత్తో ఇస్తే అరికాళ్ళ మందు, నా చేతిలో ఉంటే మత్తుమందు!

2021లో ఇంకో మలుపు. ఇక్కడ ఏ జబ్బుకి ఏం చెయ్యాలో చెప్పే నైస్ అనే సంస్థ ఉంది. ఇలా కారణం దొరకని దీర్ఘకాలపు నొప్పులకి పారాసెటమాల్ వద్దు, ఐబూప్రొఫెన్ లాంటివీ వద్దు, నల్లమందు జాతివి వద్దు, ప్రెగాబలిన్ కూడా కొత్తగా మొదలుపెట్టొద్దు అని రాసింది. మరేం చెయ్యాలయ్యా అంటే, వ్యాయామం, కౌన్సెలింగు, కావాలంటే సూదులు గుచ్చించుకోవడం, లేదా డిప్రెషన్‌కి ఇచ్చే మందుల్లో ఒకటి. నొప్పి ఉందని వెళ్తే నొప్పి మందు తప్ప అన్నీ ఇస్తారన్నమాట. అప్పటికే వాడుతున్నవాళ్ళతో మాత్రం లాభనష్టాలు మాట్లాడి నిర్ణయించమన్నారు. అలా ఏటా ఒకసారి డాక్టరు "తగ్గిద్దామా?" అంటాడు, అక్కణ్ణించి మీరు "మానెయ్యి" అంటారు. రెండు ఖండాల మధ్య ఒక గొట్టం మాత్ర నలిగిపోతోంది.

భయం నాకు లేదనుకున్నారా? ఉంది. మాత్ర వేసుకునే వేళకి గడియారం చూస్తే, ఇది నొప్పికా, అలవాటుకా అని నన్ను నేను సీఐడీలా ప్రశ్నించుకునేదాన్ని. ఆలస్యంగా వేసుకుని, నేను గెలిచాననుకునేదాన్ని. ఆ గెలుపుకి బహుమతిగా రాత్రంతా నిద్ర ఉండేది కాదు. న్యూజెర్సీలో ఉన్న మన చిన్నాడు అమెరికా సంగతులు చెప్పి ఇంకా హడలగొట్టాడు. అక్కడ 1996లో ఆక్సికాంటిన్ అమ్మకానికొచ్చింది. దానికి అలవాటుపడే భయం తక్కువని ప్రచారం చేసుకున్న పర్డ్యూ ఫార్మా 2020లో కోర్టులో నేరం ఒప్పుకుంది. ఈలోపు ఎన్ని కొంపలు మునిగాయో. కానీ అది నల్లమందు జాతి. ఈ జబ్బుకి ఆ జాతి మందులు పెద్దగా పనిచెయ్యవు కూడా. నేనేసుకునేది ఆ కుటుంబం కాదు, మీరు ఇంటిపేరు చూడకుండా వియ్యం కలిపేశారు.

మా క్లినిక్కులో ఒక ఫార్మసిస్టు ఉంది, చిన్నపిల్ల, ఓపిక మాత్రం ముసలమ్మది. ఒంటికి మందు అలవాటుపడటం వేరు, మనిషి మందుకి లొంగిపోవడం వేరు అని చెప్పింది. అర్థం కాలేదన్నాను. ఇంటికొచ్చి మిమ్మల్ని తలుచుకుంటే చప్పున అర్థమైంది.

పొద్దున్న కాఫీ పడకపోతే మీకు తలనొప్పి వస్తుంది. మీ ఒళ్ళు దానికి అలవాటుపడింది. అంతేగానీ కాఫీ కోసం మీరు అబద్ధాలాడరు, అప్పు చెయ్యరు, గ్లాసు కాస్తా బిందె కాలేదు. అదీ మొదటి రకం. ఇహ జర్దా కిళ్ళీ. బుగ్గ లోపల తెల్లమచ్చ పడింది, మానెయ్యమని రాజమండ్రి డాక్టరు చెప్పినా, షాపు వెనక గ్లూకోజు సీసాల పెట్టెల చాటున దవడ కదులుతూనే ఉంటుంది. పిన్ని అడిగితే సోపు నములుతున్నానంటారు. అదీ రెండో రకం. నా డోసు ఇన్నేళ్ళలో పెరగలేదు, ముందే అయిపోయిందని నేనెప్పుడూ రెండో చీటీ అడగలేదు, మాత్ర వేసుకుంటే నాకు మజా రాదు, పక్కింటి మెట్లు ఎక్కగలుగుతాను. నేను కాఫీ వరసలో ఉన్నాను బాబాయ్. మీరు రెండు వరసల్లోనూ ఉన్నారు.

పిన్ని సంగతి కూడా చెప్పాలి. రాత్రి పూట మీరిచ్చే ఆ అర మాత్ర, ఆల్‌ప్రాజొలామ్, చెల్లి పెళ్ళి కంగారులో నిద్ర పట్టడానికి మొదలైంది. చెల్లికి ఇద్దరు పిల్లలు. దాన్నెవరూ మత్తుమందు అనరు, పిన్ని మాత్ర అంటారు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేవాటిలో ఇదొకటి. ఆ కల్లు దొరక్కపోతే జనం వణుకుతూ ఆసుపత్రుల్లో చేరారని పేపర్లలో మీరే చదివి వినిపించేవారు. ఇది చదివి ఆవేశపడి రేపట్నుంచే ఆపించెయ్యకండి. ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. మంచి డాక్టరుకి చూపించి, నెలల తరబడి కొంచెం కొంచెంగా దించాలి.

మీ భయం ఉత్తిదే అనను. ప్రెగాబలిన్‌ని మత్తు కోసం మింగేవాళ్ళు ఈ దేశంలోనే ఉన్నారు, నల్లమందు జాతి మందులతో కలిపి వేసుకుని ఊపిరాగి పోయినవాళ్ళున్నారు. ప్రభుత్వం ఊరికే సంతకాలు పెట్టించుకోవట్లేదు. నేనూ ఇప్పుడు కొద్దికొద్దిగా తగ్గిస్తున్నాను, డాక్టరు లెక్క వేసి ఇచ్చిన ప్రకారం. మీరన్నారని కాదు, బుగ్గల కోసం, సాంబారు కోసం. ఒక మెట్టు దిగగానే నాలుగు రోజులు చెమటలు, చిరాకు. ఆ నాలుగు రోజులూ మా ఆయన ఆఫీసులో పని ఎక్కువుందంటారు. మెట్టు దిగాక నొప్పి మళ్ళీ ఏడుకి ఎక్కితే అక్కడే ఆగిపోతాను, అందులో సిగ్గేమీ లేదని ఆ ఫార్మసిస్టు పిల్ల ముందే చెప్పింది.

ఈ జబ్బుకి యూరప్ నిపుణులు గట్టిగా సిఫార్సు చేసింది ఒక్క వ్యాయామాన్నేనట. అందుకని నన్ను గోరువెచ్చని నీళ్ళ కొలనుకి తోలారు. మోకాళ్ళ దాకా ఉన్న ఈత బట్టలు వేసుకుని, పైన తువ్వాలు చుట్టుకుని, సీతమ్మవారిలా తలొంచుకుని వెళ్ళాను. నీళ్ళలో అందరూ డెబ్భై దాటిన తెల్ల మామ్మలు. పాట పెట్టగానే ఎగిరారు చూడండి! అందరికంటే చిన్నదాన్ని నేను, అందరికంటే ముందు గట్టు పట్టుకున్నదాన్నీ నేనే. అందులో ఒకావిడ, రెండు తుంట్లూ మార్పించుకుందట, నా భుజం తట్టి "బాగా చేస్తున్నావు" అంది. ఇంగ్లీషువాళ్ళు జాలిపడే పద్ధతి అది. అయినా వారం వారం వెళ్తున్నాను. నీళ్ళలో ఉన్నంతసేపూ ఒళ్ళు నాది కానట్టు తేలిగ్గా ఉంటుంది, అందుకు.

మన చిన్నాడి తోడల్లుడు వచ్చే నెల ఇటు వస్తున్నాడట. అతని చేతికి మహానారాయణ తైలం సీసాలు ఇవ్వకండి. కిందటిసారి పెట్టెలో ఒలికిపోయి, పాపం, అతని ఇంటర్వ్యూ చొక్కాలన్నీ ఆయుర్వేదం వాసన. నల్లేరు పచ్చడి పంపండి, ఎముకల కోసం కాదు, అన్నంలోకి. ఆత్రేయపురం పూతరేకులు బెల్లంవి రెండు పెట్టెలు, పైన బట్టలు పెట్టకుండా సర్దమనండి. కాకినాడ పెద్దత్తకి ఫోన్ చేసి, ఆశ్రమం నుంచి నన్ను విడుదల చేశారని చెప్పండి.

ఈ ఉత్తరం పిన్నికి చదివి వినిపించేటప్పుడు కిళ్ళీ ముక్క దాటేద్దామనుకుంటారేమో. ఆ పేజీ ఫోటో తీసి నిన్ననే పిన్నికి వాట్సాప్‌లో పంపేశాను. అర మాత్ర ఉన్న పేజీ మాత్రం పంపలేదు, అది మీరే చదివి వినిపించండి. దెబ్బకి దెబ్బ సరిపోతుంది.

ఇట్లు,
మీ అన్నయ్యగారి పెద్దమ్మాయి