పిల్లల పేదరికం లెక్కలు చదవడానికి తలకిందుల చిట్కాలు

పెద్ద అంకెను ముందు చదవకండి. అందరూ చెప్పేదానికి ఇది ఎదురే, అయినా పాటించండి. 2023 జూలైలో నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీ నివేదిక విడుదల చేసింది. తెలంగాణలో పేదలు 13.18 శాతం నుంచి 5.88కి, ఆంధ్రప్రదేశ్‌లో 11.77 నుంచి 6.06కి తగ్గారని అందులో ఉంది. దానికి ఆధారం జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో, ఐదో విడతలు. అదే సర్వేలో పిల్లల ఎత్తుల పట్టిక ముందు తెరవండి. తెలంగాణలో అయిదేళ్లలోపు గిడసబారిన పిల్లలు 28 శాతం నుంచి 33.1కి పెరిగారు. ఆంధ్రలో 31 దగ్గరే ఆగింది. పేదలు 0.55 శాతమే ఉన్న కేరళలోనూ ఇలాంటి పిల్లలు 23.4 శాతం.

ఇల్లు పేదరికం దాటింది, ఆ ఇంటి పిల్ల దాటలేదు. ఇదెలా కుదిరిందో తెలియాలంటే సూచీలో దేనికెంత బరువు ఇచ్చారో చూడాలి. పన్నెండు అంశాల్లో లోటును కూడి, మొత్తం మూడో వంతుకు చేరితేనే ఆ ఇంటిని పేదిల్లు అంటారు. పోషకాహారానికి ఇచ్చింది ఆరో వంతు. అంటే పిల్ల ఎంత చిక్కిపోయినా అదొక్కటే ఆ ఇంటిని పేదల జాబితాలోకి తీసుకురాదు. కరెంటు, మరుగుదొడ్డి, గ్యాసు, బ్యాంకు ఖాతా లాంటివాటికి తలా ఇరవై ఒకటో వంతు. ఇవన్నీ వస్తే ఇంటి లోటు తగ్గుతుంది. రావాల్సినవే, వచ్చినందుకు సంతోషమే. కానీ తల్లి కడుపుతో ఉన్నప్పుడు, పుట్టాక తొలి రెండేళ్లలో అందని తిండిని ఖాతా పుస్తకం పూడ్చదు.

అందుకే నా రెండో సలహా: పిల్లల సంగతి తెలుసుకోవాలంటే సమగ్రమైన సూచీని వదిలి, ఇరుకైన కొలత పట్టుకోండి. ఎత్తు, బరువు, బడికి వెళ్తున్నారా లేదా. ఒక్కటే చూస్తే చిత్రం అసంపూర్ణమవుతుందని నిపుణులు అంటారు. నిజమే. కానీ పన్నెండూ కలిపి ఒక్క అంకె చేసినప్పుడు కనిపించకుండా పోయేది పిల్లలే.

దశాంశాలు కొట్టేయండి. 5.88, 6.06 చూసి తెలంగాణ ఒక మెట్టు పైనుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఐదో విడతలో సర్వే చేసిన ఇళ్లు తెలంగాణలో 27,351, ఆంధ్రలో 11,346. నమూనా జిల్లాల వారీగా తీశారు, అప్పుడు తెలంగాణలో 31 జిల్లాలు, ఆంధ్రలో 13. అంతంత నమూనాల మీద 0.18 తేడాతో ఎవరు ముందో తేల్చలేం.

ర్యాంకులూ అంతే. పట్టికలో అన్ని రాష్ట్రాల మీదా 2019-21 అనే ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో సర్వే 2019లోనే, కోవిడ్‌కు ముందే ముగిసింది. తమిళనాడులో కొంత లాక్‌డౌన్‌కు ముందు, మిగతాది తర్వాత చేశారు. ఒకరి మామూలు రోజులను ఇంకొకరి కష్టకాలంతో పోల్చి మార్కులు వేయడం అన్యాయం. మన రాష్ట్రాన్ని మన పాత అంకెతోనే పోల్చండి.

అన్నిటికన్నా ముఖ్యమని నేను నమ్మేది ఇది: సర్వేలో ఉన్నవాళ్లను కాదు, లేనివాళ్లను లెక్కపెట్టండి. సర్వే ఇళ్ల జాబితా రాసుకుని, అందులోంచి కొన్ని ఎంచుకుంటుంది. పేవ్‌మెంటు మీద పడుకునే పిల్లలకు, అనాథాశ్రమాల్లోని పిల్లలకు ఆ జాబితాలో చోటు లేదు. ఇటుక బట్టీల సంగతి చూడండి. ఒడిశాలోని బలంగీర్, నువాపడా నుంచి కుటుంబాలు పిల్లాపాపలతో తెలంగాణ బట్టీలకు వస్తాయి. చలికాలం నుంచి ఎండాకాలం దాకా బట్టీ పక్కన గుడిసెల్లోనే ఉంటాయి. తెలంగాణలో సర్వే జరిగింది 2019 రెండో సగంలో, బట్టీలు ఊపందుకునే కాలానికి ముందు. ఆ పిల్లలు ఏ రాష్ట్రపు సగటులోనైనా సరిగా పడ్డారని నేను నమ్మలేను.

కాబట్టి పత్రికలో రాసేవాళ్లైనా, సభలో మాట్లాడేవాళ్లైనా, 5.88 అన్న ప్రతిసారీ పక్కనే 33.1 కూడా చెప్పండి. దాని కింద ఒక వాక్యం జోడించండి: బట్టీల దగ్గరి పిల్లలను సీజన్‌లో వెళ్లి అడగలేదని.