ఐస్ మీద కాపురం: ఒక ఫిష్ హౌస్ ఆత్మకథ

నేను ఫిష్ హౌస్‌ని, అంటే ఐస్ మీద కూర్చుని చేపలు పట్టే గదిని. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మిలాక్స్ సరస్సు గడ్డకట్టాక దాని మీద చలికాలమంతా నిలబడి ఉంటాను. మా యజమాని వడ్రంగి. ఇంటి వెనక షెడ్డులో ప్లైవుడ్ పలకలు కోసి, మేకులు కొట్టి నన్ను నిలబెట్టాడు. నన్ను ఈడ్చుకెళ్లడానికి అడుగున రెండు దూలాలున్నాయి. గాలాలు దించడానికి నేలలో గుండ్రటి కంతలున్నాయి. ఒక గోడకి బల్ల, మూలన ప్రొపేన్ హీటర్. నా సంసారం ఇంతే.

ఈ సరస్సు సుమారు 1,32,000 ఎకరాలు. ఐస్ 4 అంగుళాలుంటే మనిషి నడవవచ్చు, పికప్ ట్రక్కు ఎక్కాలంటే 13 అంగుళాలైనా ఉండాలి అని రాష్ట్ర సహజ వనరుల శాఖ చెబుతుంది. అంత మందం పేరుకున్నాక మాలాంటివి వేలల్లో వచ్చి చేరతాయి. అందరూ వచ్చేది వాల్‌ఐ చేప కోసమే. శనివారం సందడిగా ఉంటుంది. ఆదివారం చీకటి పడేసరికి మనుషులు వెళ్లిపోతారు. మళ్లీ వారాంతం దాకా నేనొక్కదాన్నే.

అందుకే వెళ్లే ముందు లోపల ఏం ఉంచాలి, ఏం పట్టుకెళ్లాలి అన్నదే నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. మా యజమాని దీన్ని మనవరాలికి ఓపిగ్గా నేర్పుతున్నాడు. ప్రతి వస్తువు గురించీ మూడు ప్రశ్నలు అడగమంటాడు. దొంగ ఎత్తుకెళితే? చలికి చెడిపోతే? సరస్సులో పడితే?

మొదటిది తేలిక. ఐస్‌ని తొలిచే ఆగర్, చేప జాడ చూపే సోనార్, మంచి గాలపు కర్రలు ఒక్క రాత్రి కూడా నాలో ఉండవు. ఇక్కడ కాపలా లేదు, కేక వేస్తే వినే మనిషి లేడు. ఆ మధ్య పక్క హౌస్ తాళం ఎవరో పగలగొట్టారు. సోనార్ పోయింది, తలుపూ విరిగింది. విలువైనవి లోపల లేకపోతే తలుపు విరగ్గొట్టే అవసరమే ఎవరికీ రాదని మా యజమాని నమ్మకం.

రెండోది చలి. జనవరి రాత్రుల్లో ఇక్కడ సున్నాకి 30 డిగ్రీలు కిందికి దిగడం వింత కాదు. ఛార్జి అయిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీలో ద్రవం గడ్డకట్టి డొక్క పగులుతుంది. గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీని ఛార్జి చేస్తే అది లోలోపల పాడవుతుంది. అందుకని బ్యాటరీలన్నీ ఇంటికి వెళతాయి. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి కనుక మంచినీళ్ల సీసాలు, డ్రింకు డబ్బాలు కూడా వెళతాయి. ఎర, తినుబండారాలు మిగిల్చితే వాసనకి జంతువులు వస్తాయి. అవీ వెళతాయి.

మూడో ప్రశ్న అడిగేటప్పుడు ఆయన గొంతులో పట్టుదల వినిపిస్తుంది.

"తాతా, బకెట్ ఉంచొచ్చా?"

"ఉంచమ్మా. కింద మాత్రం పెట్టకు, కొక్కేనికి తగిలించు."

కారణం ఉంది. మంచు ఎక్కువగా కురిస్తే ఆ బరువుకి ఐస్ కిందికి కుంగుతుంది. కంతల్లోంచి, పగుళ్లలోంచి నీళ్లు పైకి తన్నుకొస్తాయి. రాత్రికి అవి గడ్డకడితే నేల మీదున్న ప్రతిదీ ఐస్‌లో చిక్కుకుంటుంది, ఐస్ కరిగితే సరస్సులో పడుతుంది. నేనూ చిక్కుకుంటాను. అందుకే నా దూలాల కింద చెక్కదిమ్మలు పెట్టి నన్ను ఎత్తులో నిలుపుతారు.

మరి నాతో ఉండేవేమిటి? బల్ల, బకెట్, ఐస్ ముక్కలు తోడే చిల్లుల గరిటె, మంచు ఎత్తే పార, మూత బిగించిన డబ్బాలో అగ్గిపెట్టె, ఒక పాత దుప్పటి. అన్నీ కొక్కేలకో, అరమీదో ఉంటాయి. సిలిండర్ వాల్వు కట్టేసి ఉంటుంది. వాళ్లు తిరిగి వచ్చాక హీటర్ వెలిగించే ముందు గాలి కంతకి మంచు అడ్డం పడిందేమో చూస్తారు, కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగుతుందో లేదో నొక్కి చూస్తారు. గాలం మాత్రం నీళ్లలో ఒక్కటీ ఉండదు. మనిషి లేకుండా గాలం వదలకూడదని ఇక్కడి చట్టం.

నా ఒంటి మీద ఉండాల్సినవి కూడా ఉన్నాయి. బయటికి కనిపించేలా లైసెన్సు ట్యాగు, 2 అంగుళాలకు తగ్గని అక్షరాలతో యజమాని పేరు, చిరునామా. రాత్రి స్నోమొబైల్ నడిపేవాళ్లు నన్ను గుద్దుకోకుండా నాలుగు వైపులా మెరిసే పట్టీలు. నాలోంచి ఏది జారిపడ్డా దానికి జవాబుదారీ ఎవరో ఆ పేరు చెబుతుంది.

మార్చి మొదటి సోమవారంలోగా మేమందరం ఈ సరస్సు ఖాళీ చేయాలి. అప్పుడు మనవరాలు దిమ్మలతో సహా అన్నీ లెక్కపెట్టి బండిలో వేస్తుంది. ఐస్‌కి అంటుకుపోయిన దిమ్మని గడ్డపారతో పెళ్లగించేదాకా తాత కదలడు. ఆ పట్టుదల సరైనదే. ఐస్ కరిగిన కొద్ది రోజులకే వాల్‌ఐ చేపలు రాళ్లున్న లోతు తక్కువ నీళ్లకి వచ్చి గుడ్లు పెడతాయి. మిలాక్స్ ఓజిబ్వే ప్రజలు వసంతంలో ఇక్కడ వలలు వేస్తారు. 1837 ఒప్పందంలో దక్కిన ఆ హక్కుని 1999లో అమెరికా సుప్రీంకోర్టు నిలబెట్టింది. మేం వదిలిన దిమ్మ, డబ్బా, బ్యాటరీ చేరేది ఆ గుడ్లు పొదిగే నీళ్లలోకే, ఆ వలలు పడే చోటికే.

కాబట్టి ఫిష్ హౌస్ పెట్టుకునే ప్రతి ఒక్కరికీ నా విన్నపం ఇదే. దొంగ ఎత్తుకెళ్లిన వస్తువుని మళ్లీ కొనుక్కోవచ్చు. చలికి పగిలినదాన్ని మార్చుకోవచ్చు. సరస్సు అడుగుకి జారిన దాన్ని మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు. మీ చేత్తో తిరిగి తీసుకెళ్లగలమన్న నమ్మకం లేనిదేదీ నాలో వదలకండి.