రోమ్‌లో ఒంటరి అని తెలియనివ్వకండి

శని, ఆదివారాలు రోమ్ చూసి వద్దామని టికెట్టు ఒకటే కొన్నారు. ఇంట్లో వాళ్ళు అడిగే ఉంటారు, "ఒక్కరేనా? తోడెవరూ దొరకలేదా?" అని. అడగాల్సిన ప్రశ్నే. ఊళ్ళు చూడడమంటే జంటగానో, గుంపుగానో, ఎవరూ లేకపోతే కనీసం బావమరిదినైనా వెంటేసుకుని చెయ్యాల్సిన పని. ఎలాగూ బయల్దేరారు కాబట్టి, ఈ లోపం బయటపడకుండా గట్టెక్కే మార్గం చెప్తాను.

తీరిక దొరికిందా, పక్కన ఎవరూ లేరన్న సంగతి గుర్తొస్తుంది. కాబట్టి తీరిక ఉండకూడదు. శనివారం తొమ్మిదికి కొలోసియం, పదింటికి ఫోరమ్, పదకొండుకి పాంథియన్, పదకొండున్నరకి ట్రెవీ ఫౌంటెన్, పన్నెండుకి బోర్గీస్ గ్యాలరీ. కొలోసియం టికెట్టు మీద మీ పేరుంటుంది, గుర్తింపు కార్డు చూపించమంటారు. అందుకని పాస్‌పోర్టుని హోటల్ గదిలో భద్రంగా తాళం వేసి వెళ్ళండి. బోర్గీస్‌లోకి ముందే బుక్ చేసుకున్న వాళ్ళనే, అదీ రెండేసి గంటల చొప్పున పంపుతారని ఎవరో భయపెడతారు. అంత దూరం నుంచి వచ్చామంటే ఎవరు మాత్రం కాదంటారు?

వాటికన్ మ్యూజియంలకి మామూలుగా ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం మాత్రం పొద్దున పూట తెరిచి, డబ్బు తీసుకోకుండా వదులుతారు. ఫ్రీగా ఇస్తే ఫినాయిలైనా తాగే వంశంలో పుట్టి, ఆ రోజు వదులుకుంటామా! క్యూ ప్రహరీ గోడ వెంబడి మలుపు తిరిగి ఎటు పోయిందో కనపడదు. తోడు లేదన్న దిగులు కూడా తీరుతుంది. ఒక్కటే చిక్కు, బాత్రూముకి వెళ్ళాలంటే మీ చోటు చూసేవాళ్ళుండరు. కాబట్టి నీళ్ళు తాగకండి. రోమ్ వీధుల్లో అడుగడుగునా ఇనప కొళాయిలు రాత్రింబవళ్ళు చల్లటి మంచినీళ్ళు పోస్తూనే ఉంటాయి. ముక్కు లాంటి ఆ గొట్టాన్ని కింద వేలితో మూస్తే పైనున్న చిన్న కన్నంలోంచి నీళ్ళు ఎగజిమ్ముతాయి, వంగి తాగొచ్చు. మీరు మాత్రం కొలోసియం ఎదురుగా అమ్మే సీసా కొనండి. హోదా అన్నది ఒకటుంటుంది కదా.

లోపలికెళ్ళి సిస్టైన్ చాపెల్ చేరేసరికి కాళ్ళు పీకుతుంటాయి. మైకెలాంజిలో 1508 నుంచి 1512 దాకా పరంజా మీద నిలబడి, మెడ వెనక్కి వాల్చి గీసిన కప్పు అది. గోడల పక్కన బల్లలుంటాయి, కూర్చోకండి. కూర్చుంటే తలెత్తుతారు, ఎత్తితే ఒక్కో బొమ్మా చూస్తారు. పదండి పదండి అని చెయ్యి లాగేవాళ్ళు లేరు గనక అరగంట ఇట్టే పోతుంది. ఫొటోలు తీయనివ్వరు, కాపలా వాళ్ళు మధ్యమధ్యలో "సిలెన్సియో!" అని అరుస్తుంటారు. ఫోను నడుం దగ్గర పెట్టుకుని, పక్కకి చూస్తూ దొంగచాటుగా నొక్కండి. ముందున్నాయన గడ్డం, దాని పక్కన కాస్త నీలం పడతాయి. ఆ నీలం అక్కడి గోడ మీది 'లాస్ట్ జడ్జ్‌మెంట్' చిత్రానిది కాదని ఎవరు రుజువు చేస్తారు?

అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు పియాజ్జా నవోనా దగ్గరుంది. శాన్ లుయీజీ దెయి ఫ్రాన్చేజీ అని ఒక చర్చి. టికెట్టు లేదు. నెలకోసారి కాకుండా రోజూ ఉచితమే కాబట్టి దానికి పెద్ద విలువ ఉండదనుకోవాలి. పొరపాటున లోపలికి వెళ్తే ఎడమ వైపు చివరి గదిలో కారవాజ్జో 1600 ప్రాంతంలో వేసిన క్రీస్తు శిష్యుడు మత్తయి బొమ్మలు మూడు, చీకట్లో ఉంటాయి. పెట్టెలో నాణెం వేస్తే దీపం వెలిగి, కాసేపటికి టక్కున ఆరిపోతుంది. ఒక్కరి కోసం నాణెం దండగ, వెనక నిలబడండి. ఎవరో పెద్దావిడ పర్సులో వెతికి వెతికి ఒకటి వేస్తుంది. వెలుగు పడగానే వాటిలో ఒక బొమ్మలో పన్ను వసూలు బల్ల, కుడి పక్క నుంచి క్రీస్తు చాచిన చెయ్యి, "ఎవరు, నన్నా?" అన్నట్టు లేచిన గడ్డపాయన వేలు, బల్ల చివర వీళ్ళెవరినీ పట్టించుకోకుండా తలొంచుకుని డబ్బు లెక్క చూసుకుంటున్న కుర్రాడు, అన్నీ ఒక్కసారిగా కనపడతాయి. ఆవిడ ఆ కుర్రాణ్ణి చూపించి మీతో ఇటాలియన్‌లో ఏదో అంటుంది. తలూపకండి. ఊపారంటే దీపం ఆరాక రెండో నాణెం మీరు వెయ్యాలి, మూడోది ఆవిడ వేస్తుంది, పాంథియన్ టైము దాటిపోతుంది.

పాంథియన్‌లో మాత్రం కష్టం లేదు. 2023 నుంచి టికెట్టు పెట్టారు కాబట్టి ధైర్యంగా వెళ్ళొచ్చు. గుమ్మటం నడినెత్తిన పెద్ద కన్నం ఉంది, వాన పడితే లోపలికే పడుతుంది. అందుకని వాన రోజు వెళ్ళకండి, తడుస్తారు.

ఇక తిండి. బార్‌లో నిలబడి కాఫీ తాగితే తక్కువ, బల్ల దగ్గర కూర్చుంటే ఎక్కువ తీసుకుంటారు. స్థానికులు గుక్కలో తాగి, చిల్లర పెట్టి, పక్కవాడితో ఫుట్‌బాల్ గురించి రెండు మాటలు అనేసి పోతారు. ఆ గుంపులో నిలబడితే మీతో కూడా మాట్లాడతారు, జాగ్రత్త. రాత్రికి మెనూ మీద రంగు ఫొటోలుండి, గుమ్మంలో మనిషి నిలబడి చెయ్యి పట్టి పిలిచే హోటలే మేలు. అంత ఆప్యాయంగా బంధువులు కూడా పిలవరు. పాస్తాలో మిరియాలు, గొర్రెపాల చీజ్ తప్ప ఇంకేమీ లేని కాచో ఎ పేపే ఈ ఊరి వంటే గానీ, అంత సాదాసీదాది ఫొటోలో ఏం బాగుంటుంది?

టెర్మినీ స్టేషన్ నుంచి వాటికన్ వైపు 64వ నంబరు బస్సు పోతుంది. దొంగలకీ అదే ఇష్టమని ప్రతీతి. పర్సు వెనక జేబులో, సగం బయటికి కనపడేలా ఉంచండి, పెద్దమనిషి తరహాగా ఉంటుంది. టికెట్టు ఎలాగూ కొన్నారు, మళ్ళీ బస్సులో మెషీన్‌లో ముద్ర వేయించడం ఎందుకు? చెకింగ్ వాళ్ళు వస్తే నాలుగు మాటలు కలుస్తాయి. స్పానిష్ మెట్ల మీద కూర్చుంటే 2019 నుంచి జరిమానా వేస్తున్నారు. మెట్లున్నవి కూర్చోవడానికి కాకపోతే దేనికి? విజిలేసే దాకా హాయిగా కూర్చోండి.

ఫొటోలకి సెల్ఫీలు చాలవు, చెయ్యి కనిపిస్తే గుట్టు రట్టవుతుంది. అందరికన్నా హడావిడిగా పోతున్న మనిషిని ఆపి ఫోను చేతిలో పెట్టండి. లేదా కొలోసియం దగ్గర గ్లాడియేటర్ వేషగాడి భుజాన చెయ్యేసి నిలబడండి. ఎంతివ్వాలో ముందు అడగకండి, స్నేహం చెడుతుంది.

తిరుగు ప్రయాణంలో ఒక్కమాట. రోమ్‌కి ఫియుమిచీనో, చాంపీనో అని రెండు విమానాశ్రయాలున్నాయి. మీ విమానం ఎక్కణ్ణుంచో చూసుకోవద్దు, టెర్మినీలో ఏ బస్సు ముందు కదిలితే అదెక్కండి. తప్పు చోట దిగితే మీలాగే నెత్తి పట్టుకున్న వాళ్ళు ఇంకొకరైనా దొరక్కపోరు. టాక్సీ చెరిసగం వేసుకోవచ్చు.